ఆ తన్ను గురించి, కరాటే క్లాసు గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మంగళవారం లంచ్ బెల్లులో మంచినీళ్ల కుళాయిల దగ్గర జరిగింది నాకంటే ముందే మీ వాట్సాప్ గ్రూపుకి తెలిసిపోయింది కాబట్టి, ఉన్నది ఉన్నట్టు నేనే చెప్తాను. ఆరో తరగతి బాబు ఒకడు బాటిల్ నింపుకునే వరసలో గొడవపడి తోటివాణ్ణి తొడ మీద తన్నాడు. కమిలింది, ఐస్ పెట్టాం, రెండిళ్లకూ ఫోన్ చేశాం. కాలు విరగలేదు, కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్లలేదు, ఆ మాట ఎవరు పుట్టించారో నాకు తెలీదు.

తన్నినవాడు మన కరాటే క్లాసు పిల్లాడే, దాచను. చేరి మూడు వారాలైంది. కానీ ఆ గుండ్రంగా తిప్పి తన్నే తన్ను మాస్టారు ఇంకా నేర్పనేలేదు, ఫోన్లో చూసి నేర్చుకున్నానని వాడే చెప్పాడు. రాత్రి పదకొండింటికి వాడి చేతిలో ఫోన్ ఎందుకుందో నేను అడగను, అది మీ ఇంటి విషయం. మొదటి పీరియడ్‌లో ఆవలింతలు మాత్రం మా విషయం.

"కరాటే ఆపేయండి మేడమ్" అని కొందరు రాశారు. ఆపను.

ఇది కొట్లాట నేర్పే క్లాసు అనుకునేవాళ్లు ఒక్క శనివారం వచ్చి చూడండి. వచ్చీరాగానే వంగి నమస్కారం, వెళ్లేముందు వంగి నమస్కారం. మధ్యలో కిహోన్, అంటే నిలబడటం, గుద్దడం, కాచుకోవడం, చేసిందే చేయడం, చూసేవాళ్లకి విసుగొచ్చేదాకా. తర్వాత కతా, అంటే ఎదుట ఎవరూ లేకుండానే ఉన్నట్టు ఊహించుకుని వరసగా చేసే కదలికలు. ఇద్దరు ఎదురెదురుగా చేసే కుమితే దాకా మనవాళ్లు ఇంకా రాలేదు, వచ్చినా మొదట్లో ఎక్కడ కొడతారో ముందే చెప్పి కొడతారు. కరాటే అనే మాటకే అర్థం ఖాళీ చెయ్యి. పుట్టింది ఇప్పటి జపాన్‌లోని ఒకినావా దీవిలో. 1901 ప్రాంతంలో అంకో ఇతోసు అనే పెద్దాయన దాన్ని అక్కడి బడిపిల్లలకు పాఠంగా తెచ్చారు. 1922లో టోక్యో తీసుకెళ్లి ప్రదర్శించిన గిచిన్ ఫునకోషి సాక్షాత్తూ బడిపంతులు, నాకు ఆయనంటే కాస్త పక్షపాతం అందుకే. కరాటేలో మొదటి దెబ్బ మనది కాదు అన్నది ఆయన పెట్టిన నియమం. మన పిల్లలు నేర్చుకుంటున్న హెయాన్ షోదాన్ అనే కతాలో 21 కదలికలుంటే, మొట్టమొదటిది ఎడమవైపు తిరిగి, వచ్చే తన్నును చేత్తో పక్కకు తోసేయడం. ఆ బాబు అదొక్కటి నేర్చుకునేదాకా ఆగి ఉంటే బాగుండేది.

మాస్టారు వాణ్ణి తీసేయలేదు. రెండు వారాలు గుద్దూ లేదు తన్నూ లేదు, ఒక పక్క మోకాళ్ల మీద కూర్చుని చూస్తాడు, చివర్లో చాపలు చుడతాడు. మొన్న తన్ను తిన్న బాబే వెళ్లి చాప రెండో కొస పట్టుకున్నాడు. అది మాత్రం ఎవరూ గ్రూపులో పెట్టలేదు.

ఏడో తరగతి అమ్మాయి ఒకతె గురించి చెప్పకుండా ఉండలేను. గాజువాక నుంచి ఆటోలో వస్తుంది. గుద్దేటప్పుడు వెనక కాలి మడమ లేస్తోందని మాస్టారు దాని కింద రూపాయి బిళ్ళ పెట్టారు. మడమ లేచిందంటే బిళ్ళ ఎండకి తళుక్కుమంటుంది, మళ్లీ మొదటి నుంచి. ఇప్పుడు తనే జామెట్రీ బాక్సులోంచి బిళ్ళ తీసి పెట్టుకుంటోంది, ఆ బిళ్ళ కనిపించి రెండు శనివారాలైంది. ఇక ఆ పిల్ల "కియాయ్", అంటే గుద్దుతో పాటు పెట్టే కేక, అరిస్తే స్టాఫ్ రూములో మా తెలుగు టీచర్ గారి టీ ఒలికింది.

మీకో మనవి. గోళ్లు తీసి పంపండి, కాలిగోళ్లు కూడా, పక్కపిల్లల చేతుల మీద గీతలు పడుతున్నాయి. ఉప్మా తినిపించి పది నిమిషాల్లో గేటు దగ్గర దింపేస్తే ఆ ఉప్మా మళ్లీ మేం చూడాల్సి వస్తోంది. మన ఉక్కపోతకి ఏడున్నరకే డ్రెస్సు పిండితే నీళ్లు, ఇంకో చొక్కా పెట్టండి. బ్లాక్ బెల్ట్ ఎప్పుడిస్తారని అడిగినవారికి: ఏళ్లు పడుతుంది. పసుపు బెల్టు కొనేసి పంపినవారికి దాన్ని తిరిగి పంపించాం, బ్యాగులో చూడండి.

యూనిట్ టెస్ట్ పేపర్లు సంతకం పెట్టి పంపండి, ఫీజు నెలాఖరు లోపు, ఎంవీపీ కాలనీ వ్యాను సోమవారం నుంచి పది నిమిషాలు ముందొస్తుంది.

శనివారం ఏడింటికి రండి. చెప్పులు గట్టు కింద వదలండి, గట్టు మీంచి "కొట్టరా!" అని మాత్రం అరవకండి. పోయిన వారం ఒక తాతగారు అరిచారు.

మీ
హెడ్ మేడమ్