రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

కర్నూలు చుట్టుపక్కల వెంచర్లలో ఇంటి స్థలం కొనేవారు చాలామంది ముందు అడ్వాన్సు ఇచ్చేసి, కాగితాలు ఆ తర్వాత చూసుకుంటున్నారు. ‘రిజిస్ట్రేషన్ చేస్తున్నారంటే అంతా సవ్యంగా ఉన్నట్టే కదా’ అన్న ధీమాయే దీనికి కారణం. సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తారు. స్థలం 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడదని ప్రభుత్వం ప్రకటించిన భూముల జాబితా) ఉంటే ఆపుతారు. అంతేగాని అమ్మేవారికి నిజంగా హక్కుందా లేదా అని విచారించి తేల్చరు. ఆ బరువు కొనేవారిదే.

ఆస్తి మీద నమోదైన లావాదేవీలను చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కనీసం 30 ఏళ్లకు తీయించాలి. ప్లాటు నంబరుతో ఒక్కసారి వెతికితే చాలదు. ప్లాట్లు వేయకముందు ఆ భూమి ఎకరాల్లో చేతులు మారి ఉంటుంది కాబట్టి సర్వే నంబరుతో, దాని సబ్ డివిజన్లతో కూడా వెతకాలి. ఈసీలో ఏమీ రాలేదని నిశ్చింతగా ఉండటానికీ వీల్లేదు. రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, వీలునామాలు, కోర్టులో నడుస్తున్న దావాలు అందులో కనిపించవు. డాక్యుమెంట్లు కుదువబెట్టి తెచ్చిన అప్పు కూడా ఒక్కోసారి కనిపించదు. అందుకే అసలు లింకు డాక్యుమెంట్లను, అంటే ఆ స్థలం అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులను, కళ్లారా చూడాలి. జిరాక్సులు చూపించి ‘ఒరిజినల్ ఊళ్లో ఉంది’ అంటే రూపాయి కూడా ఇవ్వకండి.

మన సీమలో ఎక్కువ చిక్కులు తెచ్చేవి డీకేటీ పట్టాలు, చుక్కల భూములు (పాత రికార్డులో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలున్నవి). ప్రభుత్వం పేదలకిచ్చిన డీకేటీ భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. తర్వాత వచ్చిన సడలింపులు అన్ని భూములకూ వర్తించవు. తహసీల్దారు కార్యాలయంలో ఆర్ఎస్ఆర్ (పాత భూ రికార్డు) నకలు తీసుకుని, ఆ సర్వే నంబరు ఎదుట పట్టాదారు పేరుందా, చుక్కలున్నాయా, పోరంబోకు అనో వంక (వాగు) అనో రాసుందా చూడాలి. ఇప్పటి 1బీ అనే భూ యజమానుల రికార్డులో పేరుంటే సరిపోదు, అది పాత రికార్డుతో పొసగాలి. పిత్రార్జితమైతే ఆడపిల్లల సంతకాలు కూడా ఉండాల్సిందే. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో వాళ్లకూ కొడుకులతో సమాన వాటా వచ్చింది. ‘కట్నమిచ్చి పంపేశాం’ అన్న మాట కోర్టులో నిలవదు.

ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) ఉందని చెప్పగానే తృప్తిపడకండి. రోడ్లు, కాలువలు, కరెంటు పనులు పూర్తయ్యేదాకా పట్టణాభివృద్ధి సంస్థ కొన్ని ప్లాట్లను తనఖా పెట్టించుకుంటుంది. మీకు చూపిస్తున్నది వాటిలో ఒకటేమో ఆమోదించిన ప్లానులో చూసుకోవాలి. కొలత దగ్గరా జాగ్రత్త: సెంటంటే 48.4 గజాలు. 48గా లెక్కగడితే 5 సెంట్లకు 2 గజాలు పోతాయి.

నేల సంగతి ఎవరూ అడగరు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పునాది దానికి తగ్గట్టు లేకపోతే గోడలు నెర్రెలిస్తాయి, తలుపులు పట్టేస్తాయి. కట్టిన ఇల్లు కొంటుంటే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగుళ్లను, వాటి మీద కొత్తగా రాసిన పుట్టీని గమనించండి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊరిని ముంచేశాయి. ఆ నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో ఆ వీధి పాతకాపులను అడిగితే చెబుతారు. ఎఫ్ఎంబీ పటంలో (సర్వే నంబరు కొలతల పటం) వంక ఉండి, నేల మీద లేదంటే ఎవరో పూడ్చేశారని అర్థం. వాన నీళ్లు మళ్లీ ఆ దారే వెతుక్కుంటాయి.

500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వేసే వెంచర్‌కైనా, 8 ఫ్లాట్లు మించిన అపార్టుమెంటుకైనా రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కింద నమోదు తప్పనిసరి. అలాంటి చోట రిజిస్టర్ అయిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 30 లక్షల ఫ్లాటుకు 3 లక్షలు దాటి అడిగితే చట్టం మీ పక్షానే ఉంది. ప్రకటనలో రెరా నంబరు వేయాలని కూడా ఆ చట్టమే చెబుతోంది.

వెంచర్ ముఖద్వారం దగ్గర ఎల్పీ నంబరు, రెరా నంబరు, సర్వే నంబర్లు, తనఖాలో ఉన్న ప్లాట్ల నంబర్లు అందరికీ కనబడేలా బోర్డు పెట్టించే బాధ్యతను అధికారులు తీసుకోవాలి. రెరా నంబరు లేని ప్రకటనలను మీ పత్రిక జిల్లా పేజీల్లో అచ్చువేయవద్దని మనవి.

– ఒక దస్తావేజు లేఖరి, కర్నూలు