కంటోన్మెంట్ విలీనం సరే, సైన్యం కట్టాల్సింది ఎంతో ముందు తేల్చండి

సంపాదకులు గారికి నమస్కారం.

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో జనం ఉండే బస్తీలను, కాలనీలను నగరపాలక సంస్థలో కలపాలనే మాట 2023 మార్చిలో కంటోన్మెంట్‌ను నడిపే బోర్డు ఎన్నికలు రద్దు చేసినప్పటి నుంచీ నలుగుతూనే ఉంది. కార్ఖానాలో, బోయిన్‌పల్లిలో ఎవరిని కదిపినా ఇంటి పర్మిషన్లు ఈజీ అవుతాయా, మంచినీళ్లు రోజూ వస్తాయా అనే అడుగుతున్నారు. అడగాల్సినవే. కానీ సైన్యం చేతిలో ఉన్న భూములకు, క్వార్టర్లకు పన్ను బదులు రావాల్సిన సొమ్ము రేపు ఎవరు ఇస్తారు, ఎవరు వసూలు చేస్తారు అన్నది మాత్రం ఎవరూ ఎత్తడం లేదు, నా బాధంతా అదే.

ఇది ఈనాటి తగాదా కాదు. తెల్లదొరల కాలంలో సైనికాధికారుల్లో చాలామంది ఉండింది సర్కారు క్వార్టర్లలో కాదు, ప్రైవేటు బంగళాల్లో. స్థలం సర్కారుది, దాని మీద కట్టిన ఇల్లు మాత్రం కట్టుకున్నవాడిది. బెంగాల్ సైన్యం కంటోన్మెంట్ల కోసం 1836లో ఇచ్చిన 179వ నంబరు ఉత్తర్వు చదివితే ఒళ్లు మండుతుంది. నెల రోజుల నోటీసు ఇచ్చి, కట్టడం విలువ చేతిలో పెట్టి స్థలం వెనక్కి తీసుకోవచ్చట. ఇల్లు భారతీయుడికి అమ్మాలంటే కమాండింగ్ ఆఫీసరు ఒప్పుకోవాలి, విలువ 5,000 రూపాయలు దాటితే ఏకంగా ప్రభుత్వమే అనుమతి ఇవ్వాలి. ఆ తర్వాత అధికారులకు ఇళ్లు దొరకడం లేదని 1902లో ప్రత్యేకంగా ఒక చట్టం చేశారు, 1923లో దాన్ని తిరగరాశారు. ఓనరుకు ఇష్టం ఉన్నా లేకపోయినా ఇల్లు అధికారుల కోసం లీజుకు తీసుకునే అధికారం వాటితో వచ్చింది. బంగళాలో బడి గానీ బ్యాంకు గానీ హోటల్ గానీ పెట్టాలన్నా మిలిటరీ అధికారి మంజూరు ఉండాల్సిందే. ఇక 1924 కంటోన్మెంట్ల చట్టం ప్రకారం అద్దెకిచ్చిన ఇంటి పన్ను మొదట అడిగేది అద్దెకిచ్చినవాడినే. ఎవరికి ఇవ్వాలో అతని చేతిలో లేదు, పన్ను నోటీసు మాత్రం అతని పేరు మీదే వచ్చేది.

ఆదాయపు పన్నులోనూ సైన్యానికి వేరే లెక్కే. 1886 చట్టంలో మామూలు మనిషికి ఏడాదికి 500 రూపాయలు వస్తే చాలు పన్ను పడేది. అదే సైనికోద్యోగి అయితే, సివిలియన్లు కూడా చేసే కొలువులో ఉంటే తప్ప, జీతం నెలకు 500 దాటేదాకా పన్ను లేదు. అంటే ఏడాదికి 6,000 అన్నమాట, పన్నెండు రెట్లు!

ఇప్పటికీ కంటోన్మెంట్ జనరల్ ల్యాండ్ రిజిస్టర్‌లో పాత బంగళా పేజీ తీసి చూడండి. భూస్వామి గడిలో భారత ప్రభుత్వం, పక్క గడిలో అనుభవదారు పేరు, హక్కు ఏమిటన్న చోట ఓల్డ్ గ్రాంట్, అంటే స్థలం సర్కారుది, ఇల్లు మాత్రం కట్టుకున్నవాడిది అనే ఆ పాత పద్ధతే. అలాంటి ఇళ్లవాళ్లు అమ్ముకోవడానికీ రిపేరు చేయించుకోవడానికీ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. విలీనమైతే వీళ్ల హక్కు ఏమవుతుందో ఒక్క కాగితమన్నా ఇవ్వాలి కదా.

రాజ్యాంగం 285వ అధికరణ ప్రకారం కేంద్రం ఆస్తి మీద రాష్ట్రం గానీ స్థానిక సంస్థ గానీ పన్ను వేయకూడదు, సరే. కానీ రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు 2009లో దారి చూపించింది. సేవలు పూర్తిగా వాడుకుంటే ఆస్తి పన్నులో 75 శాతం, కొన్ని వాడుకుంటే 50 శాతం, ఏవీ వాడుకోకపోయినా మూడో వంతు సర్వీస్ ఛార్జీగా కట్టాలి. ఇప్పుడున్న పద్ధతిలో బోర్డుకు అధ్యక్షుడు సైనికాధికారే కాబట్టి రక్షణ శాఖ నుంచి రావాల్సిన డబ్బును గట్టిగా అడిగే గొంతు ఎప్పుడూ బలహీనమే. రేపు నగరపాలక సంస్థ అడగాలంటే ఢిల్లీ దాకా వెళ్లాలి. అక్కడి నుంచి రాకపోతే ఆ లోటు మా ఇంటి పన్నులోనే పూడుస్తారేమో అన్నదే మా టెన్షన్.

సైనికుల మీద నాకు కోపం లేదు, వాళ్లు మా పక్కింటివాళ్లే. బయట ఇల్లు అద్దెకు తీసుకున్న అధికారి అద్దెలో ఆ ఇంటి పన్ను కూడా కలిసే ఉంటుంది. వీధి అవతల క్వార్టర్‌లో ఉన్న అధికారీ అదే రోడ్డు మీద తిరుగుతాడు. ఆయన తరఫున కేంద్రం కట్టాల్సింది కట్టమనే అంటున్నాను.

రక్షణ శాఖ, రాష్ట్ర పురపాలక శాఖ సంతకాలు చేసే ముందు సైన్యం ఆస్తుల జాబితా, వాటి విలువ, కట్టే శాతం, కట్టే గడువు, పాత బకాయిలు ఎంతో, ఎప్పటిలోగా తీరుస్తారో అన్నీ తెలుగులో అచ్చువేసి 8 వార్డుల్లోనూ పెట్టాలి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి కనీసం రెండు నెలలు ఇవ్వాలి. ఎన్నికైన సభ్యులు లేని బోర్డు మా తరఫున ఒప్పేసుకుంటే మేం ఒప్పుకోం.

ఇట్లు,
ఒక పన్ను చెల్లింపుదారు,
సికింద్రాబాద్ కంటోన్మెంట్