దానంతట అదే ఆన్ అయ్యే సీపీయూని రెండు రాత్రులు ఎందుకు ఉంచుకుంటున్నామంటే

మన కస్టమర్లందరికీ నమస్కారం.

ఎండలు ముదిరినప్పటి నుంచి నల్లగొండలోనే కాదు, నకిరేకల్, హాలియా, మిర్యాలగూడ వైపు నుంచి కూడా ఒకే కంప్లైంట్‌తో సీపీయూలు వస్తున్నాయి. "అన్నా, షట్‌డౌన్ చేసి పండుకుంటే నడిరాత్రి దానంతట అదే ఆన్ అయితున్నది" అంటున్నారు. అలాంటి సీపీయూని రెండు రాత్రులు దుకాణంలో పెట్టి వెళ్లమని మేం అడుగుతున్నాం. కొందరికి ఇది నచ్చడం లేదు. పిల్లల ప్రాజెక్టు ఆగిపోతుందంటున్నారు. వేరేచోట గంటలో ఎస్ఎంపీఎస్ (సీపీయూ లోపల కరెంటు సప్లై చేసే డబ్బా) మార్చి ఇస్తామన్నారు, మీకెందుకు ఇంత టైం అంటున్నారు. అడగడంలో తప్పు లేదు. అందుకే మేం ఏం చేస్తామో, అసలు దుకాణం దాకా రాకుండా మీరే ఇంట్లో ఏం చూసుకోవచ్చో రాస్తున్నాను.

షట్‌డౌన్ చేస్తే కంప్యూటర్‌కు కరెంటు ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తేకముందు వచ్చిన పాత క్యాబినెట్లలో ముందున్న బటనే 230 వోల్టుల లైన్‌ని కట్ చేసేది. ఇప్పుడలా కాదు. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఎస్ఎంపీఎస్ నుంచి ఊదారంగు వైరులో 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు మదర్‌బోర్డుకు వెళ్తూనే ఉంటుంది. కొన్ని బోర్డుల మీద షట్‌డౌన్ తర్వాత కూడా చిన్న లైటు వెలుగుతుండేది అందుకే. ముందున్న బటన్ కాలింగ్ బెల్ స్విచ్ లాంటిది, రెండు సన్న వైర్లను ఒక్క క్షణం కలిపి వదిలేస్తుంది, అంతే. మిగతా పని బోర్డు చేసుకుంటుంది. బటన్ ఒక్కటే కాదు, కీబోర్డు, మౌస్, నెట్‌వర్క్ కేబుల్, బయోస్‌లోని (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డు సొంత సెట్టింగుల ప్రోగ్రాం) అలారం, పోయి మళ్లీ వచ్చిన కరెంటు, వీటిలో ఏదైనా బోర్డును లేపగలదు. స్లీప్‌లో, అంటే పూర్తిగా ఆఫ్ కాకుండా కునుకులో ఉంటే విండోస్ టైమర్ కూడా లేపుతుంది. లేపింది ఏదో తెలియకుండా పార్టులు మారిస్తే మీ డబ్బు పోతుంది, ప్రాబ్లం మాత్రం అట్లాగే ఉంటుంది.

అందుకే ఫోన్ చేయగానే మేం అడిగే మొదటి ప్రశ్న, ఎప్పుడు ఆన్ అవుతోంది అని. ఈ ఒక్క జవాబు సరిగ్గా చెబితే సగం పని అయిపోయినట్టే.

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆన్ అవుతుంటే అది రిపేరే కాదు, బయోస్‌లో ఒక సెట్టింగ్. బోర్డును బట్టి దాని పేరు మారుతుంది. రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అనో, ఏసీ బ్యాక్ అనో, ఆఫ్టర్ పవర్ ఫెయిల్యూర్ అనో ఉంటుంది. అందులో పవర్ ఆన్ అని ఉంటే కరెంటు రాగానే లేస్తుంది. లాస్ట్ స్టేట్ అని ఉంటే, కరెంటు పోయేటప్పుడు నడుస్తూ ఉన్న కంప్యూటర్ మళ్లీ ఆన్ అవుతుంది. ఇంట్లో వాడుకునేదైతే పవర్ ఆఫ్ పెట్టుకోండి. రాత్రంతా నడవాల్సిన సీసీ కెమెరాల కంప్యూటర్‌కు మాత్రం ఆన్ ఉండటమే మంచిది.

ఈ సెట్టింగ్ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు ఒక్కసారిగా పోయి ఊరుకోదు. పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. ఎవరూ లేని గదిలో కంప్యూటర్ ప్రతిసారీ లేచి, విండోస్ సగం లోడ్ అయ్యేలోపే ఆరిపోతుంది. హార్డ్ డిస్క్‌లు దెబ్బతినేది ఇలాంటప్పుడే. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్‌లు పోయాయని వచ్చినవాళ్ల ముఖం చూసి ఏం చెప్పాలో తెలియదు. అవి మళ్లీ తెచ్చివ్వడం ప్రతిసారీ మా చేతిలో ఉండదు. సెట్టింగ్ ఎంత మార్చినా మళ్లీ పాతదే వస్తుంటే, గడియారం తేదీ కూడా తప్పు చూపిస్తుంటే, బోర్డు మీదున్న రూపాయి బిళ్ల సైజు బ్యాటరీ అయిపోయింది. సీఆర్ 2032, 3 వోల్టులది. దాన్ని కొత్తది వేసి సెట్టింగ్ మళ్లీ పెట్టుకోవాలి.

రోజూ దాదాపు ఒకే టైంకి లేస్తుంటే విండోస్‌ని అనుమానించండి. చాలామంది షట్‌డౌన్ చేశామని చెబుతారు కానీ నిజానికి అది స్లీప్‌లో ఉంటుంది. విండోస్ తన ఆటోమేటిక్ మెయింటెనెన్స్‌కు మామూలుగా రాత్రి 2 గంటల టైం పెట్టుకుంటుంది, పర్మిషన్ ఉంటే స్లీప్ నుంచి కంప్యూటర్‌ని లేపుతుంది కూడా. పానగల్ వైపు నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు ఈ సమస్యతోనే వచ్చారు. నడిరాత్రి ముందు గదిలో లైటు, ఫ్యాన్ చప్పుడు వచ్చేసరికి ఇంట్లో ఆడవాళ్లు భయపడి ఆ గదిలోకి పోవడమే మానేశారట. ఇలాంటప్పుడు పొద్దున్నే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కలిపి కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి లాస్ట్‌వేక్ అని కొట్టండి (powercfg /lastwake). చివరిసారి స్లీప్ నుంచి లేపింది ఏదో చాలాసార్లు అక్కడే కనబడుతుంది. టైమర్ అని వస్తే పవర్ ఆప్షన్స్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, స్లీప్ కింద ఉన్న అలౌ వేక్ టైమర్స్‌ని డిజేబుల్ చేయండి. మౌస్ పేరు గానీ నెట్‌వర్క్ కార్డు పేరు గానీ వస్తే డివైస్ మేనేజర్‌లో దాని పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కి వెళ్లి, కంప్యూటర్‌ని లేపడానికి పర్మిషన్ ఇచ్చే టిక్ తీసేయండి. రోడ్డు పక్క ఇళ్లలో లోడ్ లారీ పోతే టేబుల్ అదిరి మౌస్ కదిలినా చాలు, స్లీప్‌లో ఉన్న కంప్యూటర్ లేస్తుంది.

ఇంకో చిన్న పరీక్ష. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేయండి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. దానివల్ల మామూలు షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా మూసుకోదు, కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకుంటుంది. షిఫ్ట్‌తో చేస్తే పూర్తిగా మూసుకుంటుంది. అలా చేసి, నెట్‌వర్క్ కేబుల్, యూఎస్‌బీలో పెట్టినవన్నీ పీకేసి పడుకోండి. బయోస్‌లో అలారం, కరెంటు సెట్టింగ్ రెండూ ఆఫ్ చేసి ఉండి కూడా ఆన్ అయిందంటే ఇక విండోస్‌ని అనుమానించక్కర్లేదు. మా దగ్గరికి తేవాల్సింది అలాంటివే.

టైం లేదు, పద్ధతి లేదు, ఎప్పుడు పడితే అప్పుడు ఆన్ అయ్యేవాటిలో ఎక్కువసార్లు దొంగ ఎవరంటే ముందున్న బటనే. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసు సీపీయూ వచ్చింది. ముందు ప్లాస్టిక్ ప్యానెల్ ఊడదీసి చూస్తే బటన్ టోపీకీ లోపలి చిన్న స్విచ్‌కీ మధ్య తవుడు దుమ్ము గట్టిగా పేరుకుపోయి ఉంది. వేలితో నొక్కితే టోపీ లోపలికి పోతోంది కానీ వెనక్కి రావడం లేదు, స్విచ్ సగం నొక్కుకునే ఉంటోంది. కాస్త అదిరినా కాంటాక్ట్ కలిసిపోతోంది. బ్రష్‌తో దులిపి, స్విచ్ మారిస్తే సరిపోయింది. ఆన్ అయిన నాలుగైదు సెకన్లకే మళ్లీ ఆఫ్ అయిపోతుంటే బటన్ ఇరుక్కుపోయిందని దాదాపు ఖాయం, ఎందుకంటే బటన్‌ని అంతసేపు నొక్కి పట్టుకుంటే బోర్డు బలవంతంగా ఆఫ్ చేస్తుంది. ఎలుక కొరికిన వైరు, క్యాబినెట్ అంచుకు రాసుకుని తోలు లేచిన వైరు కూడా ఇదే పని చేస్తాయి.

స్విచ్ దొరకనప్పుడు ఒక ఉపాయం ఉంది, ఖర్చు లేనిది. రీసెట్ బటన్ కూడా అచ్చం అలాంటి స్విచ్చే. బోర్డు మీద పవర్ స్విచ్ వైరు తీసేసి ఆ పిన్నులకు రీసెట్ వైరు పెడితే రీసెట్ బటనే ఇకనుంచి పవర్ బటన్.

ఇప్పుడు రెండు రాత్రుల సంగతి. మొదటి రాత్రి సీపీయూ మీరు తెచ్చింది తెచ్చినట్టే పెడతాం. రెండో రాత్రి బోర్డు మీంచి పవర్ బటన్ వైరు పీకేసి పెడతాం. మొదటి రాత్రి ఆన్ అయి, రెండో రాత్రి కాకపోతే బటన్ గానీ దాని వైరు గానీ అని తేలుతుంది. బటన్ వైరు లేకుండా కూడా ఆన్ అయితే అప్పుడు మా ఎస్ఎంపీఎస్ పెట్టి చూస్తాం, దాంతో కూడా అయితే బోర్డు. గంటలో ఎస్ఎంపీఎస్ మార్చి ఇవ్వడం మాకూ చేతనవును. కానీ మార్చేటప్పుడు వైర్లన్నీ కదిలి ప్రాబ్లం రెండు రోజులు తగ్గినట్టు ఉండి, మళ్లీ వస్తుంది. అప్పటికి మీరు బిల్లు కట్టేసి ఉంటారు.

రెండు రాత్రులూ మా దగ్గర అసలు ఆన్ కానివి కూడా ఉంటాయి. అలాంటప్పుడు బాగుంది తీసుకుపోండి అని పంపం, మీ ఇంట్లో ప్లగ్ ఎక్కడ పెట్టారో అడుగుతాం. లూజైన ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ప్లగ్ కదిలినప్పుడల్లా కరెంటు పోయి వచ్చినట్టే లెక్క, కంప్యూటర్ లేస్తుంది. మా దుకాణంలో యూపీఎస్ మీద ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆ ప్రాబ్లం కనబడదు. క్యాబినెట్ ముట్టుకుంటే జుమ్మంటుంటే మాత్రం ఎర్తింగ్ సరిగా లేదని అర్థం. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, అది మనుషులకే ప్రమాదం.

మీరే క్యాబినెట్ విప్పదలచుకుంటే గోడ స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్ పీకిన తర్వాత కూడా అందులోని పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిల్వ ఉండొచ్చు.

డబ్బుల విషయం. చెకింగ్ చార్జి 200 రూపాయలు. బటన్ గానీ వైరు గానీ అయితే పని అందులోనే అయిపోతుంది, ఇంకేం తీసుకోం. ఎస్ఎంపీఎస్ గానీ బోర్డు గానీ మార్చాల్సి వస్తే ముందు ఫోన్ చేసి రేటు చెబుతాం, మీరు సరే అన్నాకే మారుస్తాం, పాత పార్టు మీ చేతికే ఇస్తాం. పాస్‌వర్డ్ ఇవ్వడం ఇష్టం లేకపోతే చెప్పండి, హార్డ్ డిస్క్ తీసి మీకే ఇచ్చేస్తాం. అది లేకుండా కూడా బటన్, బోర్డు, ఎస్ఎంపీఎస్ చెక్ చేయొచ్చు. తెల్లారి షట్టర్ ఎత్తేసరికి ఫ్యాన్ తిరుగుతుంటే మాకు తెలిసిపోతుంది.

తెచ్చేటప్పుడు సీపీయూ ఒక్కటే తెండి, మానిటర్ అవసరం లేదు. ఏ రోజు ఎన్నింటికి ఆన్ అయిందో, అప్పుడు కరెంటు పోయి వచ్చిందో లేదో ఒక కాగితం మీద రాసి తెండి. ఆదివారం దుకాణం ఉండదు కాబట్టి శనివారం తేవద్దు, సోమవారం పొద్దున తెస్తే బుధవారం తీసుకెళ్లొచ్చు.