ఫ్యాన్ తిరగకపోతే మోటారే పోయిందనుకోకండి

అయ్యా,

విశాఖలో ఎన్‌ఏడీ కూడలి ట్రాఫిక్‌లోనో, సింహాచలం ఘాట్ ఎక్కుతూనో పాత కారు వేడెక్కి, ఖాళీ రోడ్డు మీద మళ్లీ చల్లబడుతోందంటే అనుమానం రేడియేటర్ ఫ్యాను మీదే. అలాగని పరీక్షించకుండా మోటారు మార్చేయడం దండగ.

ఇంజిన్ చల్లారాక ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, ఫ్యూజు ఉన్న వైరుతో బ్యాటరీ నుంచి మోటారుకు 12 వోల్టులు నేరుగా ఇవ్వండి. తిరగకపోతే మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు. తిరిగితే మోటారు బాగున్నట్టే, ఫ్యూజు, రిలే (ఫ్యానుకు కరెంటు కలిపే విద్యుత్ స్విచ్) చూడండి. పక్కనున్న అదే నంబరు రిలే పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. రేడియేటర్‌కు రెండు వైర్ల థర్మో స్విచ్ (వేడెక్కగానే ఫ్యాన్‌ను ఆన్ చేసేది) ఉన్న బండిలో ఇగ్నిషన్ ఆన్ చేసి ఆ వైర్లు రెండూ కలపండి. ఫ్యాన్ తిరిగితే తప్పు స్విచ్‌దే, లేదా కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గి స్విచ్‌కు వేడి తగలడం లేదు.

మన ఊళ్లో అసలు శత్రువు ఉప్పుగాలి. కనెక్టర్ పిన్నులకు పచ్చటి చిలుము, ఎర్త్ వైరును బాడీకి బిగించే బోల్టు కింద తుప్పు. వోల్ట్‌మీటరు 12 చూపిస్తుంది, లోడు పడగానే ఫ్యాన్ నీరసిస్తుంది. ఫ్యాన్ తిరుగుతుండగా దాని ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య అర వోల్టు దాటితే బోల్టు విప్పి ఎమరీ పేపర్‌తో తళతళలాడేదాకా రుద్ది బిగించండి.

వేడి మీద రేడియేటర్ మూత మాత్రం దయచేసి తీయొద్దు.

– ఒక ఆటో ఎలక్ట్రీషియన్, విశాఖపట్నం