అందరూ అంకుల్ ఎట్లవుతారు?

సంపాదకుడు గారికి,

ఐదో తరగతి చదివే మా మనవరాలు పోయిన వారం బడి నుంచి ‘ఫ్యామిలీ ట్రీ’ చార్టు తెచ్చింది. షాపులో అమ్మే అచ్చు చార్టే. అమ్మ వైపు, నాన్న వైపు ఏ గడి చూసినా అంకుల్, ఆంటీ. చిన్నాయన ఫొటో, మేనమామ ఫొటో ఒకే పేరు కింద అతికించి, గమ్ము ఆరకముందే అడిగింది: “తాతా, మరి బావ ఏడ?” బావకు గడి లేదు. కజిన్ అని రాయమన్నారట. చిన్నాయన కొడుకు కూడా కజినేనట. మనింట్లో ఒకరు అన్న, ఇంకొకరు బావ. ఆ తేడా మరిస్తే పెద్దలు ఊరుకుంటారా?

లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికా లాయరు 1871లో వేసిన పెద్ద గ్రంథంలో లోకంలోని చుట్టరికాల పిలుపులను పట్టికలుగా కట్టాడు. తెలుగు వరసలూ అందులో ఉన్నాయి. న్యూయార్క్ ప్రాంతపు సెనెకా ఆదివాసులకు కూడా తండ్రి అన్నదమ్ములు తండ్రులే, తల్లి అక్కచెల్లెళ్లు తల్లులే. మేనమామ మాత్రం వేరు. అచ్చం మనలాగే. అయితే వాళ్లలో మేనరికం లేదు! మా వీధిలోని ముస్లింల ఇళ్లల్లో చాచా, మామూ వేర్వేరు, కానీ చాచా బిడ్డనూ చేసుకోవచ్చు. మనుషుల చుట్టరికాలు, ఆచారాలు చదివే మానవ శాస్త్రం అంటే ఎక్కడిదో అనుకుంటాం గానీ, అది మొదలయ్యేది ఇట్లాంటి చోటే.

నల్లమలలోని అమ్రాబాద్ గుట్టలెక్కితే ఇంకో సంగతి. కొండచరియకు పట్టిన తేనె కోసం చెంచులు తాడు మీద కిందికి దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేది బామ్మర్ది. ఎందుకని మన్ననూరులో ఒక పెద్దాయనను అడిగితే, “అక్క తాళి తనే తెంపుకుంటడా సారూ” అని నవ్వాడు. (భూమి పంపకాలప్పుడు మా బామ్మర్దులనూ చూశాను, ఆ సంగతి వేరే.) ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ చెంచు పెంటల్లో (వాళ్ల గూడేలను పెంటలంటారు) తిరిగి 1943లోనే వాళ్ల జీవితం మీద పుస్తకం వేశాడు. మన పిల్లలకు ఆయన పేరు కూడా తెలియదు.

విద్యాశాఖకు నా మనవి ఒక్కటే. అచ్చు చార్టులు పక్కన పెట్టి, ఇంట్లో, తండాలో, పెంటలో ఎవరిని ఏమని పిలుస్తారో పిల్లలనే రాసుకురమ్మనండి. అమ్మను ‘యాడి’ అనే లంబాడా పిల్ల, అమ్మీ అనే పిల్లాడు ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు కదా. దీనికి కొత్త పుస్తకం అక్కర్లేదు, ఒక సోషల్ పీరియడ్ చాలు.

మేం బావకు పెన్సిల్‌తో ఒక గడి గీసి పంపాం. రెండు మార్కులు తగ్గాయి.

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా