సింగపూర్ పేరు చెప్పి సగమే చెబుతున్నారు

సంపాదకుడు గారికి,

మా ఎర్రముక్కపల్లి వైపు ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు ఫ్లెక్సీ కట్టారు, 'సింగపూర్ తరహా చదువు, ఒకటో తరగతి నుంచే పూర్తి ఇంగ్లీషు' అని. దాని కింద ఆటో కోసం నిలబడే తల్లిదండ్రులు నిజమే కాబోలు అనుకుంటారు కదా, అందుకే ఈ ఉత్తరం. మా అమ్మాయి వాళ్లు ఉండేది సింగపూర్‌లోనే.

మనవడికి ఆరేళ్లు. వాడి కిండర్‌గార్టెన్‌లో ఇద్దరు టీచర్లు, ఒకామె ఇంగ్లీషే మాట్లాడుతుంది, ఇంకొకామె నోట చైనీస్ తప్ప రాదు. జూన్ సెలవులకు వచ్చినప్పుడు గళ్ల నోటుపుస్తకం వెంట తెచ్చుకున్నాడు, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాయాలి. చైనీస్‌లో పది అంటే చూడ్డానికి మన కూడిక గుర్తే, ఇదెంత పని అని నేను నిలువు గీత ముందు గీశాను. "అట్ల కాదు తాతా, అడ్డ గీత ముందు" అని రబ్బరుతో చెరిపించి మళ్లీ రాయించాడు! 'మా' అనే మాటను ఒక రాగంలో అంటే అమ్మ, ఇంకో రాగంలో అంటే గుర్రం, మరో రకంగా అంటే తిట్టడమట. నేను ఎన్నిసార్లు అన్నా గుర్రమే వస్తోందని వాడికి ఒకటే నవ్వు.

అక్కడ పాఠాలు ఇంగ్లీషులోనే చెబుతారు, కాదనను. కానీ దాంతో పాటు చైనీయులకు చైనీస్, మలయ్ వాళ్లకు మలయ్, తమిళులకు తమిళం చదవక తప్పదు, హైస్కూల్లో రెండో భాష 1966 నుంచీ తప్పనిసరి. ఆరో తరగతి చివర రాసే పెద్ద పరీక్షలో ఉండేవి నాలుగే సబ్జెక్టులు: ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, మాతృభాష. (మన తెలుగు అక్కడి జాబితాలో లేదు, మనవాళ్ల పిల్లలు ఎక్కువగా హిందీయో తమిళమో తీసుకుంటారు, అది వేరే బాధ.) సింగపూర్ తొలి ప్రధాని లీ క్వాన్ యూ అంతటివాడు ఇంగ్లీషు చదువు చదివి, ముప్పై దాటాక ట్యూషన్ పెట్టించుకుని చైనీస్ నేర్చుకున్నాడు, తన పిల్లల్ని చైనీస్ బడికి పంపాడు.

ఇక్కడ సంగతి చూడండి. మా పక్కింటి పాప ఇలాంటి స్కూల్లోనే ఐదో తరగతి. తెలుగు వారానికి రెండు పీరియడ్లు, పరీక్షలు దగ్గర పడితే అవి కూడా లెక్కల సారుకే. మొన్న పెళ్లి పత్రిక చదవమంటే 'ఆహ్వానము' దగ్గర ఆగిపోయింది, హ కింద ఆ ముక్క ఏంటి తాతా అని అడిగింది. పోనీ ఇంగ్లీషైనా వచ్చిందా అంటే గడగడా చదువుతుంది, చదివినదాంట్లో ఏముందో ఏ భాషలోనూ చెప్పలేదు.

సర్కారు బడుల్లో 2020 తర్వాత వచ్చిన పుస్తకాలు నయం, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. అయితే మా వీధి పిల్లల్ని అడిగితే తెలుగు పేజీ క్లాసులో చదవరట, ఇంట్లో అమ్మ చదివి చెబుతుందట.

నేను ఇంగ్లీషు వద్దనేవాణ్ణి కాను, మా అమ్మాయి ఆ ఇంగ్లీషుతోనే విమానం ఎక్కింది. విద్యాశాఖ వాళ్లు ప్రైవేటు స్కూళ్లకు వెళ్లినప్పుడు టైంటేబుల్ అడిగి, రోజుకో తెలుగు పీరియడు ఉందా, చెప్పడానికి తెలుగు టీచరున్నారా అని చూడాలి. సింగపూర్ పేరు పెట్టుకున్న స్కూళ్లకైతే ముందు వెళ్లాలి.

— ఒక రిటైర్డ్ పోస్టల్ ఉద్యోగి, కడప