మోకాళ్లకు కండబలం నేర్పే రోజు ఒకటి ఉండాలి

సంపాదకులకు,

నాట్లు, కలుపుతీతలు, పొగాకు గ్రేడింగు ముగిసేసరికి మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో మోకాళ్లు, నడుము పట్టుకుని నొప్పుల సూదికి వెళ్లేవాళ్లు ఎక్కువవుతారు. వాళ్లలో చాలామందికి దొరికే సలహా ఒక్కటే: ‘గుజ్జు అరిగింది, మెట్లెక్కొద్దు, కింద కూర్చోవద్దు.’ కదలిక తగ్గితే తొడ కండ సన్నబడుతుంది. అది మోయాల్సిన బరువు కీలు మీద పడి నొప్పి ఇంకా పెరుగుతుంది. ఎక్స్‌రేలో అరుగుదల ఎంతుందో నొప్పీ అంతే ఉండాలని లేదు. అరిగిన గుజ్జును వ్యాయామం తిరిగి తేలేదు గానీ, చుట్టూ ఉన్న కండకు 70 ఏళ్లు దాటాక కూడా బలం తేవచ్చు.

‘పొద్దస్తమానం పొలంలోనే ఉంటాం, మళ్లీ వ్యాయామం దేనికి?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే. నాట్లేసేటప్పుడు నడుము గంటల తరబడి ఒకే వంపులో ఉంటుంది, కండ అలిసిపోతుందే గానీ బలపడదు. బలపడాలంటే కాస్త కష్టమనిపించే పని కొద్దిసార్లే చేసి, మర్నాడు విశ్రాంతి ఇవ్వాలి.

ఇంట్లో కుర్చీ చాలు. సుమారు 18 అంగుళాల ఎత్తున్నదాన్ని జరగకుండా గోడకు ఆనించాలి. మడమలు నేలకు ఆనించి, చేతులు ఊతం పెట్టకుండా లేవాలి. కూర్చునేటప్పుడు 3 లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి. చాలామంది ఇక్కడే ధబాలున కూలబడతారు, కండకు మేలు చేసే సగం పని అక్కడే పోతుంది. మోకాళ్లు లోపలికి వాలకూడదు, కాలి రెండో వేలి వైపే ఉండాలి. 8 సార్లు చేసి, నిమిషం ఆగి, మళ్లీ. ఇలా 3 విడతలు, వారంలో రోజు విడిచి రోజు 3 రోజులు. లేవలేనివాళ్లు మడత దుప్పటి వేసి కుర్చీ ఎత్తు పెంచుకోవచ్చు. 12 సార్లు తేలికైతే దుప్పటి తీసేయాలి, ఆపైన 2 కిలోల బియ్యం సంచిని గుండెకు హత్తుకుని లేవాలి. ఊపిరి బిగబట్టకూడదు, బీపీ ఉన్నవాళ్లైతే అసలే బిగబట్టకూడదు.

నడుముకైతే వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు పైకెత్తి 5 లెక్కపెట్టేదాకా ఆపాలి, 10 సార్లు. అది అలవాటయ్యాక 5 లీటర్ల నీళ్లున్న బకెట్లు చేతికొకటి పట్టుకుని నిటారుగా 20 అడుగులు నడవాలి.

చేసేటప్పుడు నొప్పి పదికి 3 దాకా ఉంటే భయం లేదు, మర్నాడు పొద్దుటికి మామూలు కావాలి. కాకపోతే, లేదా మోకాలు వాస్తే, మానేయకుండా లెక్క సగానికి తగ్గించాలి. మొదటి వారమే అతిగా చేసి రెండో వారం వదిలేసేవాళ్లే ఎక్కువ. తేడా బాగా తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఇంకో జాగ్రత్త. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు ఫ్లోరోసిస్. దేశంలో దాన్ని మొదటిసారి 1937లో వైద్యులు రాసిపెట్టింది అప్పటి నెల్లూరు జిల్లా గురించే. అక్కడ నడుము, మెడ కొయ్యబారితే బలవంతంగా వంచకూడదు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందేమో ముందు పరీక్ష చేయించాలి. కాళ్లు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, మూత్రం మీద పట్టు తప్పినా, జ్వరంతో కీలు ఎర్రబడి వాచినా వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పుల మాత్రలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, బీపీ పెరుగుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఎండలో చెమటోడ్చేవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

ఊళ్లలోని ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ మందులిచ్చే రోజునే ఒక కుర్చీ, ఒక చాప వేసి, సిబ్బంది చేత ఈ రెండు వ్యాయామాలు చేయించి చూపాలని రెండు జిల్లాల వైద్య ఆరోగ్య శాఖ అధికారులను కోరుతున్నాం. కూలీలు పనికి పోకముందు, పొద్దున్నే ఆ సమయం పెడితే వస్తారు.

– కొందరు ఫిజియోథెరపిస్టులు, ఒంగోలు